అమరంలో నీళ్ళు

అల్ వక్రా రేవులో శుక్రవారం పొద్దున్న అబూ నాసర్ తన పడవకు రేసు ఇచ్చాడంటే, గట్టు మీద వలలు బాగుచేసుకునేవాళ్ళు కూడా చేతిపని ఆపి చూసేవాళ్ళు. చూడదగ్గ సంబరమే మరి. వెనక నూటయాభై గుర్రాల ఇంజను గర్జిస్తుంది, నీళ్ళు తెల్లగా కుతకుతలాడతాయి, పడవ ముక్కు మాత్రం ఆకాశంకేసి లేచి అక్కడే నిలబడిపోతుంది. తొమ్మిది అంకెలు లెక్కపెట్టేదాకా దిగదు. దిగాక మళ్ళీ దాని పరుగు ముందు ఏదీ నిలవదు. కానీ ఆ పాటికి పక్కనే బయలుదేరిన ఆయన బావమరిది పడవ రేవు దాటి, నీళ్ళ మీద తేలే ఎర్ర బోయా దగ్గర ఆగి ఉంటుంది.

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. అబూ నాసర్ కోపం పడవ లేవనందుకు కాదు. ఆ బావమరిది బోయా దగ్గర కూర్చుని, ఫ్లాస్కులోంచి టీ పోసుకుని, తొందరేం లేదు నిదానంగా రమ్మన్నట్టు కప్పు పైకెత్తి చూపించినందుకు. వరసగా ఆరు శుక్రవారాలు ఆ కప్పు లేచింది.

అది బాస్ బోటు. అమెరికాలో చెరువుల్లో బాస్ అనే చేపను పట్టడానికి చేసిన పడవ. పల్చగా, పొడుగ్గా, నీళ్ళకి జానెడు ఎత్తులో, ఒళ్ళంతా ఎర్రటి మెరుపులతో పెళ్ళికూతురిలా ఉంటుంది. మెసయీద్‌లో పనిచేసి వెళ్ళిపోతున్న ఒక అమెరికా ఇంజనీరు దగ్గర అబూ నాసర్ దాన్ని కొన్నాడు. అది తొంభై అయిదు, ఫిబ్రవరి. ఇప్పుడు ఏప్రిల్.

ఆ శుక్రవారం పడవ ఒడ్డుకు రాగానే అబూ నాసర్ ర్యాంపు మీద నిలబడ్డ ఖాసీం దగ్గరికి నేరుగా నడిచాడు. ఖాసీం రాయచోటి మనిషి. రేవు పక్కన అబూ నాసర్ పేరు మీదున్న పడవల వర్క్‌షాపులో తొమ్మిదేళ్ళుగా మెకానిక్కు. షాపుకి లైసెన్సు ఆయనది, ఖాసీం వీసా ఆయనది, పాస్‌పోర్టు ఆయన బీరువాలోది.

"మంగళవారం నాలుగు సెకన్లలో లేచిందన్నావు?" అన్నాడు అబూ నాసర్ అరబ్బీలో.

"లేచింది అర్బాబ్. నేనే నడిపాను," అన్నాడు ఖాసీం. అక్కడ యజమానిని అలాగే పిలుస్తారు.

"నువ్వు నడిపితే లేస్తుంది, నేను నడిపితే లేవదు. అంటే నాకు నడపడం రాదంటావు?"

ఆడలేక మద్దెల ఓడన్నాడని గట్టు మీద కొందరు అనుకునే ఉంటారు గాని, పైకి అనే ధైర్యం ఎవరికీ లేదు. ఖాసీం మెడలో వేలాడే సెకన్ల గడియారాన్ని చూసుకుంటూ నిలబడ్డాడు.

"వచ్చే శుక్రవారం," అన్నాడు అబూ నాసర్. "పికప్ వచ్చిందా, సరే. రాలేదా, ఖలాస్. వీసా కొట్టేయించి టికెట్ చేతిలో పెడతాను. ఇంజన్లు తెలిసినవాళ్ళు దోహాలో ఇంకా ఉన్నారు."

ఈ మాటలన్నీ ఆంజి విన్నాడు. ఆంజి ఆ ఇంటి డ్రైవరు. అల్ వుకైర్‌లోని ఇంటి నుంచి పిల్లల్ని బడికి, ఆడవాళ్ళని బజారుకి తిప్పడం వీసాలో రాసి ఉన్న పని. ట్రెయిలర్ మీద పడవను రేవుకి లాగడం, నీళ్ళలోకి దింపడం, దాంతోపాటే సముద్రం మీదకి వెళ్ళి లంగరు వెయ్యడం వీసాలో లేని పని. ఆ రెండో పని కోసమే ఆంజి వారం రోజులు కారు నడుపుతాడని చెప్పినా తప్పు లేదు. ఉప్పాడ దాటాక ఉన్న పల్లెలో పుట్టినవాడికి స్టీరింగు కన్నా లంగరు తాడే చేతికి బాగా తెలుసు.

అందరూ వెళ్ళాక ఆంజి గొట్టం తెచ్చి పడవను మంచినీళ్ళతో కడిగాడు. ఇంజను నోటికి రబ్బరు కప్పులు తగిలించి, లోపలి ఉప్పంతా పోయేదాకా పది నిమిషాలు నడిపించాడు. తర్వాత అటూ ఇటూ చూసి, వెనక పెట్టె మూత ఎత్తాడు. బ్యాటరీల వెనక, లైఫ్ జాకెట్ల కింద నాలుగు నీలం డబ్బాలున్నాయి. ఒక్కోటీ ఇరవై లీటర్లు. మూతలు తీసి ఒక్కో దాన్నీ ర్యాంపు మీద వంచేశాడు. వచ్చే శుక్రవారానికి కొత్త నీళ్ళు పట్టాలి.

మంచినీళ్ళు లేని నావ నీళ్ళ మీదకి దిగకూడదు. ఈ సంగతి ఆంజి వాళ్ళ ఊళ్ళో ఎవరూ ఎవరికీ నేర్పరు. అన్నం కుడిచేత్తో తినమని ఎవరు నేర్పారు గనక? కుండ ఉండాల్సిన చోటు అమరం, అంటే పడవ వెనక కొస, చుక్కాని పట్టినవాడి కాళ్ళ దగ్గర. ఆంజి చిన్నాన్న ఒకసారి ఆరు రోజులు సముద్రంలో కొట్టుకుపోయి తిరిగొచ్చాడు. దేవుడు బతికించాడని ఊరంతా అంది, ఆయన మాత్రం కుండ అన్నాడు.

ఈ పడవ ఎక్కిన మొదటిసారే ఆంజి డబ్బా ఒకటి వెనక పెట్టాడు. అబూ నాసర్ చూసి నవ్వి, దాన్ని ర్యాంపు మీదకి గిరాటేశాడు. "ఇది మా తాతల నాటి ఓడ అనుకున్నావా? రెండు గంటల్లో తిరిగొస్తాం. ఐసు పెట్టె నిండా కూల్‌డ్రింకులున్నాయి," అన్నాడు. ఆంజి తల ఊపాడు. మరుసటి శుక్రవారం నుంచి ఎవరూ చూడకుండా, మనిషికొకటి లెక్కన నాలుగు పెట్టాడు.

శనివారం పడవను వర్క్‌షాపులో వదిలి రమ్మని, ఖాసీంకి సాయం చెయ్యమని అబూ నాసర్ ఆజ్ఞ. ఆంజి వెళ్ళేసరికి ఖాసీం గోడ ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. గోడ మీద సుద్దముక్కతో ఆరు వారాల చరిత్ర రాసి ఉంది: తేదీ, ఏం మార్చింది, ఎన్ని సెకన్లు. మంగళవారాల ఎదురుగా నాలుగు, అయిదు, నాలుగు. శుక్రవారాల ఎదురుగా తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది.

"మళ్ళా మొదటి నుంచి చూడల్ల," అన్నాడు ఖాసీం. "ఒకసారికి ఒకటే మార్చల్ల. రెండు మార్చినావనుకో, ఏది బాగుచేసిందో ఏది చెడగొట్టిందో అల్లాకి కూడా తెలీదు."

ఇంజను బరువంతా గొలుసు కప్పీకి ఎత్తించి, నాలుగు పెద్ద బోల్టులు వదులు చేశాడు. అమెరికావాడు చెరువులో పరుగు కోసం ఇంజన్ని ఎత్తుగా బిగించాడు. అలా ఉంటే పడవ లేచేటప్పుడు, దాన్ని తోసే పంకా నీళ్ళు పట్టుకోకుండా గాలి పీలుస్తుంది. ఖాసీం దాన్ని ఎప్పుడో ఒక కన్నం కిందికి దించాడు. ఇప్పుడు ఇనుప బద్ద పడవ అడుగుకి ఆనించి, కన్ను మూసి, ఇంజను మీది అడ్డరేకు అడుక్కి సమంగా ఉందో లేదో చూశాడు. సమంగానే ఉంది. బోల్టులు మళ్ళీ బిగించాడు. వెళ్ళి రేవులో నడిపారు. నాలుగున్నర. గోడ మీద రాశాడు.

ఆదివారం ఇంజను కాలి దగ్గరున్న అడ్డకమ్మీ తీశాడు. అది ఏ కన్నంలో ఉందన్న దాన్ని బట్టి ఇంజను పడవ కిందికి ఎంత ముడుచుకోగలదో తేలుతుంది. ఎంత ముడుచుకుంటే ముక్కు అంత కిందికి వంగుతుంది. ఇంకో కన్నం లోపలికి మార్చాడు. నాలుగు.

సోమవారం పంకా. పాతదాని మీద ఇరవైమూడని అంకె ఉంది, దుబాయ్ నుంచి తెప్పించినదాని మీద పందొమ్మిది.

"నువ్వు డ్రైవరువి గదా, చెప్తా విను," అన్నాడు ఖాసీం, పంకా రెక్కల మీద అరచెయ్యి ఆడిస్తూ. "ఇరవైమూడంటే బండిని నాలుగో గేరులో కదిలించినట్టు. పందొమ్మిదంటే రెండో గేరు. చివర్లో పరుగు కొంచెం తగ్గుతాది. పికప్ మాత్రం యాడికీ పోదు."

మంగళవారం మూడున్నర సెకన్లు. ఆ అంకె రాసి ఖాసీం సుద్దముక్క జేబులో వేసుకున్నాడు, కానీ మొహంలో సంతోషం లేదు.

"ఇన్నాళ్ళూ మంగళవారాలు బాగానే పోయినాయి ఆంజీ. శుక్రవారం ఏం దయ్యం పడతాందో తెలీలా. తొమ్మిదేండ్లయింది ఈ షెడ్డు పట్టుకోని. ఈ కప్పీ నేను వేసిందే, ఈ బల్ల నేను కొట్టిందే. ఈ వయసులో రాయచోటికి పొయ్యి ఏం చేసేది? ఆడ నీళ్ళే లేవు, పడవలు యాడియి?"

ఖాసీం పని చేస్తున్నప్పుడు చూడడం ఆంజికి ఇష్టం. బోల్టు బిగించాక వేళ్ళతో ఒకసారి తడిమి చూసుకుంటాడు, పసిబిడ్డ నుదురు చూసినట్టు. అలాంటివాణ్ణి ఒక కప్పు టీ కోసం ఇంటికి పంపేస్తారంటే కడుపు మండింది.

బుధవారం ఖాసీం కొత్త ఆలోచన చేశాడు. శుక్రవారం పడవలో నలుగురుంటారు, మంగళవారం ఇద్దరు. షాపులో వెల్డింగు చేసే మలయాళీలు ఇద్దర్ని కూడా ఎక్కించాడు. అబూ నాసర్, ఆయన కొడుకు, మేనల్లుడు కూర్చునే చోట్లలోనే అందర్నీ కూర్చోబెట్టాడు. ఐసు పెట్టె నిండా ఇటుకలు పేర్చాడు. రేసు ఇచ్చాడు. అయిదు.

"అయిదు! మనుషుల వల్ల గాదు," అని పళ్ళు కొరుక్కున్నాడు. కాసేపు నీళ్ళకేసి చూసి, "ఆంజీ, నువ్వు లేసి యెనక్కి పో. ఇంజను పక్కన, ఆ పెట్టె మూత మీద కూచో," అన్నాడు.

ఆంజి వెళ్ళి కూర్చున్నాడు. ఏడు.

"నువ్వూ పో," అని ఒక వెల్డరుని కూడా అక్కడికే పంపాడు. రేసు ఇచ్చాడు. పడవ ముక్కు లేచింది. లేచి, శుక్రవారం లేచినట్టే ఆకాశంలో నిలబడింది. వెనక అంచు నీళ్ళలోకి కూరుకుపోయింది. ఒకటి, రెండు, మూడు. పెట్టె మూత మీద కూర్చున్న ఆంజికి తన కింద ఏముంటుందో గుర్తొచ్చింది. ఎనిమిది, తొమ్మిది.

ఖాసీం ఇంజను ఆపేశాడు. పడవ ఊగుతూ నిలబడింది.

"బరువే," అన్నాడు నెమ్మదిగా. "కానీ యెనక బరువు. అర్బాబ్ యెనక ఎవర్నీ కూచోబెట్టడు గదా." వెనక్కి తిరిగి ఆంజిని చూశాడు. "శుక్రవారం ఆ పెట్టెలో ఏమన్నా పెడతాండారా?"

"లైఫ్ జాకెట్లన్నా," అన్నాడు ఆంజి.

"అంతేనా?"

"అంతేనన్నా."

ఒక్కోసారి అబద్ధం మనం ఆడం, అదే మన నోట్లోంచి నడిచి వెళ్ళిపోతుంది. వెళ్ళాక వెనక్కి పిలిచినా రాదు. ఒడ్డుకు చేరేదాకా ఆంజి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఖాసీం గోడ మీద తొమ్మిది అని రాసి, దాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టాడు. అన్నాళ్ళలో ఆ గోడ మీద ప్రశ్న గుర్తు అదే మొదటిది.

ఆ రాత్రి, మర్నాడంతా ఆంజి ఒకటే లెక్క వేసుకున్నాడు. నిజం చెప్తే, బాబా వద్దన్న పని ఆరు వారాలు దాచిపెట్టి చేసినట్టు. ఇంట్లో పనివాళ్ళకి అబూ నాసర్ బాబా. టికెట్ అప్పుడు తన చేతికి వస్తుంది. చెప్పకుండా డబ్బాలు మానేస్తే? శుక్రవారం పడవ లేస్తుంది, ఖాసీం గండం గడుస్తుంది, ఎవరికీ ఏమీ తెలియదు. పాము చావాలి, కర్ర విరగకూడదు. ఇంతకన్నా మంచి దారి ఏముంది? ఒక్కటే, నీళ్ళు లేకుండా సముద్రం మీదకి వెళ్ళాలి.

గురువారం సాయంత్రం వంటింటి వెనక కుళాయి దగ్గర నాలుగు ఖాళీ డబ్బాలూ గోడకి బోర్లించి ఉండడం శివకుమారి చూసింది. శివకుమారిది రాజోలు. ఆ ఇంట్లో వంట చేస్తుంది. ఆంజి డబ్బాల సంగతి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

"ఏంటి ఆంజీ, ఈ వారం నింపలేదేంటి?"

"వద్దక్కా. పడవకి బరువైపోతంది."

"ఇన్నాళ్ళూ బరువు కాలేదా?" అని, అతని మొహం చూసి గిన్నె కింద పెట్టింది. ఆంజి ఉన్నదంతా చెప్పేశాడు. ఆమె విని, కొంగుతో చెయ్యి తుడుచుకుని, "నువ్వు నోరు మూసుకో. ఆయన పడవ లేత్తది, ఆ సాయిబుగారి ఉజ్జోగం నిలబడద్ది. మజ్జిలో నువ్వెళ్ళి తల పెట్టకు," అంది. ఆంజికి కావలసిన మాట అదే. అయినా విన్నాక తేలిక పడలేదు.

శుక్రవారం పొద్దున్న రెండు పడవలూ రేవులో పక్కపక్కన నిలబడ్డాయి. గట్టు మీద సూదులు ఆగాయి. అబూ నాసర్ పళ్ళు బిగబట్టి రేసు ఇచ్చాడు.

పడవ ముక్కు లేచింది, వెంటనే వంగింది. వెనక నుంచి ఎవరో తోసినట్టు ముందుకు దూకి, నీళ్ళ మీద పరుగందుకుంది. ఆంజి అయిదు లెక్కపెట్టేసరికి బావమరిది పడవ వెనకబడిపోయింది. బోయా దగ్గర అబూ నాసర్ ఇంజను తగ్గించి, కొడుకు భుజం మీద చరిచి, పగలబడి నవ్వాడు. కూల్‌డ్రింకు డబ్బా ఒకటి తీసి, వస్తున్న బావమరిదికి పైకెత్తి చూపించాడు. వయసు పాతికేళ్ళు తగ్గిపోయిన మనిషిలా ఉన్నాడు.

ఆ తర్వాత ఇంకో గంట చేపలు పట్టారు. ఒడ్డు సన్నటి గీతలా కనిపించేంత దూరం వెళ్ళారు. ఆంజికి ఆ గంటా గొంతు తడారిపోతూనే ఉంది. ఐసు పెట్టెలో ఇరవై సీసాలున్నాయి, ఒకటి తాగాడు కూడా. కానీ వెనక పెట్టెకేసి చూసినప్పుడల్లా చెప్పుల్లేకుండా గుళ్ళోంచి బయటికొచ్చి ఎండలో నిలబడినట్టనిపించింది.

ర్యాంపు దగ్గర ఖాసీం నిలబడి ఉన్నాడు. అతని మొహం వెలిగిపోతోంది. పడవ లేవడం గట్టు మీది నుంచి చూశాడు.

"ఏం చేశావు?" అన్నాడు అబూ నాసర్ దిగుతూనే.

ఇక్కడ ఇంకో మనిషయితే రెండు కన్నాల పేర్లు, మూడు నట్ల పేర్లు చెప్పి శభాష్ అనిపించుకునేవాడు. ఖాసీంకి ఆ విద్య రాదు.

"మంగళవారం నుంచి ఏమీ చెయ్యలేదు అర్బాబ్. పంకా మార్చింది సోమవారం. అప్పటికే బాగుంది. ఆ ముందు వారాలు కూడా బాగానే ఉంది. ఈరోజు ఎందుకు లేచిందో, ముందు ఎందుకు లేవలేదో నాకు తెలియదు."

అబూ నాసర్ నవ్వు ఆగిపోయింది. "ఏమీ చెయ్యలేదు. ఆరు వారాలు లేవలేదు. టికెట్ మాట వినగానే లేచింది."

"కాదు అర్బాబ్..."

"ఆరు వారాలు రేవులో నన్ను చూసి నవ్వించావు. చెయ్యడం చేతనయ్యి కూడా." గొంతు పెంచలేదు. అదే భయపెట్టింది. "లేవకపోతే తెలివి లేనివాడివనుకుని పంపేవాణ్ణి. ఇప్పుడు తెలివైనవాడివని పంపుతున్నాను. ఆదివారం టికెట్. తాళాలు రేపు ఆఫీసులో ఇచ్చెయ్."

ఖాసీం గడియారం మెడలోంచి తీసి, దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. ఆంజి ట్రెయిలర్‌కి కొక్కెం తగిలిస్తున్నవాడల్లా ఆ మాటలకి చెయ్యి జారి వేలు నలగ్గొట్టుకున్నాడు. కర్ర విరగలేదు, నిజమే. పాము మాత్రం వెళ్ళి ఖాసీంనే కరిచింది.

మధ్యాహ్నం అసర్ నమాజు అయ్యాక, ఆంజి వెనక కుళాయి దగ్గర రెండు డబ్బాలు నింపడం శివకుమారి చూసింది.

"ఎక్కడికి?"

"మజ్లిస్‌కి."

"నిన్ను పంపేత్తారు ఆంజీ."

"పంపితే పంపనీ అక్కా. ఆ అన్న నన్ను అడిగేడు. ఏముందిరా పెట్టెలో అని అడిగేడు. నేను లేదన్నాను."

చెరో చేత్తో చెరో డబ్బా మోసుకుంటూ వాకిలి దాటి, మగవాళ్ళు కూర్చునే గది గుమ్మంలో చెప్పులు విడిచాడు. లోపల గోడ వారన పరుపుల మీద అబూ నాసర్, కొంచెం దూరంలో ఆయన తండ్రి ఉన్నారు. ఆ ముసలాయన్ని పనివాళ్ళంతా బాబా కబీర్ అంటారు. వయసులో ఉన్నప్పుడు ముత్యాల కోసం నెలల తరబడి సముద్రంలో మునిగినవాడు. ఉప్పునీళ్ళలోనే చూపు సగం పోయిందంటారు. ఎప్పుడూ తస్బీ పూసలు తిప్పుకుంటూ ఉంటాడు, మాట్లాడడం తక్కువ.

ఆంజి డబ్బాలు గుమ్మం దగ్గర దింపాడు.

"బాబా, ఖాసీం తప్పు మాఫీ," అన్నాడు తనకొచ్చిన అరబ్బీలో, ఖాసీం తప్పేం లేదని. "తప్పు నాది. ఇవి పడవ వెనక పెట్టెలో పెట్టాను. నాలుగు. ప్రతి శుక్రవారం. ఈరోజు పెట్టలేదు, అందుకే లేచింది. ఖాసీంకి తెలియదు. అడిగాడు, నేను అబద్ధం చెప్పాను."

అబూ నాసర్‌కి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక లేచి నిలబడ్డాడు.

"నేను పారేశాను. నా చేత్తో పారేశాను కదా?"

"అవును బాబా."

"అయినా పెట్టావు? నా పడవలో, నాకు చెప్పకుండా? ఆరు వారాలు?" ఆయన మొహం ఎర్రబడింది. "ఆదివారం ఒక టికెట్ కాదు, రెండు..."

"ఏమిటవి?" అన్నాడు గోడ వార నుంచి ముసలాయన.

"నీళ్ళు, నాన్నా. ఈ పిచ్చివాడు పడవలో నీళ్ళ డబ్బాలు దాచిపెట్టాడు."

"తాగే నీళ్ళా?"

"తాగే నీళ్ళే బాబా కబీర్," అన్నాడు ఆంజి.

ముసలాయన చెయ్యి చాపాడు. ఆంజి ఒక డబ్బా తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాడు. ఆయన దాన్ని పైనుంచి కిందిదాకా తడిమి, మూత తిప్పి, అరచేతిలో వంపుకుని, ఒక గుక్క తాగాడు.

"ఎక్కడ పెట్టావు?"

"వెనక. ఇంజను పక్కన."

"తప్పు," అన్నాడు ముసలాయన వెంటనే, కోపంగా. "నీళ్ళు ఎవడైనా వెనక పెడతాడా? మధ్యలో పెట్టాలి, తెరచాప కొయ్య మొదట్లో. వెనక పెడితే ఓడ తలెత్తుకుని కూర్చుంటుంది. ఎవరు నేర్పారు నీకు?"

"మా ఊళ్ళో అంతే బాబా. మావి చిన్న పడవలు. చుక్కాని దగ్గరే పెడతాం."

"చిన్న పడవలు," అని గొణుక్కున్నాడు. పూసలు రెండు తిప్పాడు. ఆ తర్వాత, సగం చూపున్న కళ్ళు కొడుకు నిలబడ్డ వైపు తిప్పి, మామూలుగా అడిగాడు. "నువ్వెక్కడ పెట్టావు?"

"ఏమిటి నాన్నా?"

"నీళ్ళు. అతను పెట్టింది తప్పు చోటు. నువ్వెక్కడ పెట్టావు?"

గోడ మీది ఏసీ గురగురమంటోంది.

"ఐసు పెట్టెలో కూల్‌డ్రింకులున్నాయి," అన్నాడు అబూ నాసర్ చివరికి.

"నా మనవణ్ణి తీసుకుని సముద్రం మీదకి వెళ్తున్నావు," అన్నాడు ముసలాయన. "నిన్నే అడుగుతున్నాను."

మీసాలు నెరిసిన అబూ నాసర్ బడిపిల్లాడిలా నేల చూపులు చూశాడు. ఆంజికి అక్కడ నిలబడడానికే సిగ్గేసింది. తన యజమానిని ఆ స్థితిలో చూడడం కంటే టికెట్టే నయమనిపించింది. అబూ నాసర్, అతనికేసి చూడకుండా, "డబ్బాలు తీసుకుని వెళ్ళు," అన్నాడు. టికెట్ల మాట ఎత్తలేదు.

శనివారం తాళాలు ఇవ్వడానికి ఆఫీసుకి వెళ్ళిన ఖాసీం, తాళాలతోనే తిరిగొచ్చాడు. పడవ మధ్యలో, సీట్ల కింద నాలుగు డబ్బాలు పట్టేలా పెట్టె చెయ్యమని హుకుం అయింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. సాయంత్రం ఆంజి పడవను లాక్కొచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, అంతా చెప్పాడు.

ఖాసీం వింటూనే సీట్ల కింద కొలతలు తీసుకున్నాడు. ప్లైవుడ్ మీద పెన్సిలుతో గీత గీసి, రంపం అందుకుని సగందాకా కోశాక ఆగాడు.

"బుధవారం నేను నిన్ను అడిగినానా లేదా?"

"అడిగేవన్నా."

"ఏం చెప్పినావు?"

"లైఫ్ జాకెట్లని."

"నీళ్ళు పెట్టినందుకు గాదురా నాకు కోపం," అన్నాడు ఖాసీం. "అడిగినప్పుడు చెప్పనందుకు. మూడు దినాలు నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. అది తెలుసా నీకు?"

ఖాసీం మిగతా సగం కోసేశాడు. కాసేపటికి పని అతని కోపాన్ని గెలిచింది. పడవ వెనక చేపల తొట్టి అడుగున ఉన్న కన్నం దగ్గరికి ఆంజిని పిలిచి, వేలు పెట్టి చూపించాడు.

"చూడు. ఎనభై కేజీలకి అంత మొండికెయ్యదే అని నువ్వు చెప్తాంటేనే అనుకున్నా. వెనక దిగబడేసరికి ఈ కన్నం నీళ్ళ కిందికి పోయింది. ఉప్పునీళ్ళు తొట్టిలోకి వచ్చినాయి. పరుగెత్తేటప్పుడు మళ్ళా కారిపోయినాయి. అందుకే ఒడ్డుకొచ్చినాక ఏమీ కనపడలా. నీ ఎనభై కేజీలు ఇంకో ఎనభై కేజీల సముద్రాన్ని లోపలికి పిలుచుకొచ్చినాయి." తల అడ్డంగా ఊపాడు. ఆ ఊపులో మెచ్చుకోలు కూడా కొంచెం ఉంది, చిక్కుముడి విడిపోయిన మెకానిక్కుకి ఉండే మెచ్చుకోలు.

ఆంజికి శిక్ష పడకుండా పోలేదు. ఇక మీదట నీ పని కారు వరకేనని, పడవ ఎక్కనక్కర్లేదని అబూ నాసర్ కొడుకు చేత చెప్పించాడు. లంగరు వెయ్యడానికి రేవులోంచి వేరే మనిషిని పెట్టుకున్నారు. ఇంటికి పంపనందుకు శివకుమారి దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఆంజి పెట్టుకోలేదు. వారానికి ఒక్కరోజు బతికే మనిషికి ఆ ఒక్కరోజూ పోయింది.

శుక్రవారం ట్రెయిలర్‌ని వెనక్కి నడిపి పడవను నీళ్ళలోకి దింపి, ఆంజి ర్యాంపు మీదే ఉండిపోయాడు. ఖాసీం వచ్చి పక్కన నిలబడ్డాడు, మెడలో గడియారంతో. పడవ మధ్యలో కొత్త పెట్టె ఉంది. డబ్బాలు పొద్దున్నే ఆంజే నింపి పెట్టాడు. పెట్టమని ఎవరూ చెప్పలేదు, వద్దని కూడా ఎవరూ చెప్పలేదు.

అబూ నాసర్ ఎక్కాడు. కొడుకు, మేనల్లుడు, కొత్త మనిషి ఎక్కారు. బావమరిది పడవ పక్కకి వచ్చి ఆగింది. అబూ నాసర్ స్టీరింగు దగ్గర కూర్చోబోయి, మళ్ళీ లేచి, మధ్య సీటు ఎత్తి లోపలికి చూశాడు. నాలుగు మూతల మీదా ఒక్కోసారి చెయ్యి వేసి చూసి, సీటు దించేశాడు. ర్యాంపు వైపు చూడలేదు.

రెండు ఇంజన్లూ ఒక్కసారే గర్జించాయి. పడవ ముక్కు లేచింది, వంగింది, పరుగందుకుంది. బోయా దగ్గరికి బావమరిది పడవ సగం పడవంత ముందు చేరింది. అక్కడ టీ కప్పు లేచింది.

ఇప్పుడు తిరిగొస్తాడు, డబ్బాలు గిరాటేస్తాడు అనుకున్నాడు ఆంజి. బోయా దగ్గర ఎర్ర పడవ ఆగలేదు. కప్పు ఎత్తినవాణ్ణి దాటుకుని, తిన్నగా లోతు నీళ్ళకేసి వెళ్ళిపోయింది.

"ఆరు," అన్నాడు ఖాసీం గడియారం చూసి. "నీళ్ళు లేకుంటే అయిదు. ఆ ఒక్క సెకను నీ డబ్బాలదిరా."

షెడ్డులోకి వెళ్ళి, జేబులోంచి సుద్దముక్క తీసి, గోడ మీది ప్రశ్న గుర్తును అరచేత్తో చెరిపేశాడు. దాని కింద తేదీ వేసి, ఆరు అని రాశాడు. ఒక్క క్షణం ఆగి, పక్కన ఇంకో మాట చేర్చాడు: నీళ్ళతో.